మైల జోడుకా, మనిషికా?

జపాన్‌లో ఉన్నన్నాళ్లూ మా నాయనమ్మ గుర్తొచ్చినంతగా ఇంటిదగ్గర ఎప్పుడూ రాలేదు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. క్యోటోలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను చూసి రమ్మని పంపారు. భాష రాదు. చేప తగలని పులుసు దొరకడం గగనం. అయినా అక్కడి దినచర్యకు తొందరగానే అలవాటు పడ్డాను. అంతా నాయనమ్మ పెంపకం చలవే.

వీధి చెప్పులు గుమ్మంలోనే విడవాలి. బడి లోపల తొడుక్కునే జోళ్లు వేరు. నేను దిగిన ఇంట్లో మరుగుదొడ్డికి ఇంకో జత. ఒళ్లు శుభ్రంగా రుద్దుకున్నాకే వేణ్ణీళ్ల తొట్టిలో దిగాలి. షింతో గుడికెళితే ముందు చేతులు కడిగి నోరు పుక్కిలించాలి. మడికట్టుకున్న ఇంట్లో పెరిగినదాన్ని, ఇవేవీ నాకు కొత్త అనిపించలేదు.

కొత్తగా అనిపించింది మధ్యాహ్నం భోజనాలయ్యాక. మైకులో పాట మొదలవగానే పిల్లలు బల్లలన్నీ ఒక పక్కకు జరిపేశారు. రెండో తరగతి పిల్లాడొకడు తడిగుడ్డ మడతపెట్టి, రెండు అరచేతులూ దానిమీద ఆనించి, నడుం పైకెత్తి గది ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకటే పరుగు. ఆగి గుడ్డ తిప్పి చూసుకున్నాడు. ఎంత నల్లబడిందో పక్కవాడికి గొప్పగా చూపించాడు. క్లాసు టీచరమ్మ మోకాళ్లమీద కూర్చుని మూలలు తుడుస్తోంది. నా చేతికీ ఓ గుడ్డ ఇచ్చారు.

ఇది మతమా? 1947లో అమల్లోకొచ్చిన జపాన్ రాజ్యాంగం 20వ అధికరణం ప్రకారం ప్రభుత్వం మతబోధ చేయకూడదు. బడిలో దేవుడి పటం లేదు, ప్రార్థన లేదు. అయితే జెన్ మఠాల్లో ఊడ్వడం, తుడవడం సాధనలో భాగమే. మఠంలో వంట చేసేవాడి పని గురించి దోగెన్ అనే గురువు 1237లో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆ వాసన బడిదాకా వచ్చిందంటే కాదనను. కానీ నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. శుచి పట్టింపు వాళ్లకూ ఉంది, మనకూ ఉంది. మరి తుడిచే చెయ్యి అక్కడ అందరిదీ, ఇక్కడ కొందరిదే ఎందుకైంది?

మా దొడ్డి శుభ్రం చేసే ఆవిడ పెరటిదారిన వచ్చి పెరటిదారినే వెళ్లేది. ఇల్లు శుచిగా ఉండేది ఆవిడ వల్ల. గుమ్మం తొక్కకూడనిదీ ఆవిడే. నేను చూసిన బడిలో మైల జోడుకుంది. జోడు విడిస్తే పోయింది. మా ఇంట్లో అది మనిషికి అంటించారు. పుట్టుకను గుమ్మంలో విడిచి రాగలమా?

అలాగని జపాన్‌ను నెత్తిన పెట్టుకోను. పశువులను కోసేవాళ్లనూ తోలుపని చేసేవాళ్లనూ వాళ్లూ తరతరాలు ఊరవతల ఉంచారు. 1871లో ఆ అంతరాన్ని ప్రభుత్వం రద్దుచేసినా వివక్ష పోలేదు. ఆత్మగౌరవం కోసం ఆ జనం 1922లో సంఘం పెట్టుకున్నది ఇదే క్యోటోలో. వివక్షను తొలగించాలని 2016లో మళ్లీ ఒక చట్టం చేయాల్సొచ్చింది. మైలను మనిషికి అంటించే జబ్బు మన ఒక్కరిదే కాదు.

పని ఏదైనా ఫలం ఆశించకుండా చేస్తే అదే యోగమని గీత చెప్పింది. మనం ఆ మాట వేదికమీద చెప్పి, చీపురు ఆయమ్మకు అప్పగించాం. 1901లో కలకత్తా కాంగ్రెస్ సభల దగ్గర గాంధీ తానే చీపురు పట్టి మరుగుదొడ్డి కడుక్కున్నాడు. ఆ సంగతి పిల్లలకు చెప్పి పరీక్షలో మార్కులు వేసే మేము మాత్రం పట్టలేదు.

తిరిగొచ్చాక స్టాఫ్ రూములో ఒక మాస్టారు, "మన పిల్లలచేత కూడా ఊడిపిద్దాం మేడం" అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ మన దగ్గర చీపురుకి కులం ఉంది. "ఒరే, నువ్వు రా" అని పిలిచేటప్పుడు ఏ పిల్లాడి మీదకు కన్ను పోతుందో మాకు తెలుసు. చదువుకోమని పంపితే ఊడిపిస్తారా అని తల్లి నిలదీస్తే తప్పు ఆమెది కాదు.

అందుకే వంతులు వేద్దామన్నాను. పిల్లల పేర్లకన్నా ముందు స్టాఫ్ అందరివీ. సోమవారం మరుగుదొడ్లు నావి, మంగళవారం హెడ్‌మాస్టారివి. మాస్టారు ఇంకా ఆలోచిస్తున్నారు. పెద్దల వంతు నడవనంత కాలం పిల్లల చేత చీపురు పట్టించే హక్కు మాకు లేదు.