మెలితే ద్వీపములో బస
(అపొ. కార్యములు 28:1–10)



పౌలు ఎక్కిన ఓడ పదునాలుగు రాత్రులు గాలికి కొట్టుకొనిపోయి, తుదకు మెలితే యొడ్డున బద్దలాయెను. నేడు దానిని మాల్టా అందురు. ప్రాణములతో ఒడ్డు చేరినవారు 276 మంది. అందులో సైనికులు, నావికులు, సంకెళ్లవారు కూడ నుండిరి. వాన కురియుచుండెను, చలి వణకించుచుండెను. ఆ ద్వీపస్థులకు ధర్మశాస్త్రము తెలియదు, సువార్త అంతవరకు వినలేదు. అయినను “మీరెవరు? ఏ నేరముమీద పోవుచున్నారు?” అని విచారణకు కూర్చుండక, ముందుగా మంట వేసిరి. పౌలును ఊరక కూర్చుండలేదు, పుల్లలు ఏరెను. అంతటి అపొస్తలుడు పుల్లలేరుట మనలో కొందరు పెద్దలు గమనింపదగినదే! పిమ్మట పొప్లి యనువాడు వారిని మూడు దినములు తన యింట ఉంచుకొనెను. ఆ యింటనే అతని తండ్రి జ్వరముతో పడియుండగా పౌలు ప్రార్థించి బాగుచేసెను. మూడు నెలలు వారు ఆ ద్వీపముననే గడపిరి.

ఇట్టి లంక మన తెలుగుదేశమందును కలదు. గోదావరి పాయల నడుమనున్న లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు, 1909లో కన్నుమూయువరకు, వేళగాని వేళ వచ్చిన బాటసారులకును వండి వడ్డించిరి. అక్కడ గోదావరిమీది అక్విడెక్టుకు నేడు ఆమె పేరే యున్నది. ఆమె మన సంఘస్థురాలు కాదు. మెలితేవారును కారు గదా! హైదరాబాదు చెంత హయత్‌నగరులోను, షేక్‌పేటలోను ఖుతుబ్‌షాహీల కాలపు సరాయిలు ఇంకను కనబడుచున్నవి.

మరి శంషాబాదు సంగతి యేమి? 2008 మార్చిలో అక్కడ విమానాశ్రయము తెరచిరి. అద్దాల గోడలు, వెలుగులు మెండు. కాని కువైటుకు, దుబాయికి కూలికి పోవు బిడ్డను సాగనంపవచ్చిన తల్లి, టిక్కెట్టు లేనందున వాకిటనే ఆగిపోవును. ఊరికి తిరుగు బస్సు తెల్లవారికి గాని లేదు. లాడ్జి గదికి చెల్లించు సొమ్ము బిడ్డ ప్రయాణపు అప్పులోనే పోయినది. చుట్టును జనము కిటకిటలాడుచున్నను ఆ రాత్రి ఆమె ద్వీపముననే యున్నది. బిడ్డ శవపేటిక కొరకు వచ్చి కాచుకొనియుండువారును కలరు. వారిని గూర్చి వ్రాయుటకు మాకు కలము సాగదు.

మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల యింటికి చేర్చి, రెండు దేనారములు తన సంచిలోనుండి ఇచ్చెను. కనుక ఈ నెల సంఘ పెద్దలు కూడినప్పుడు ఖర్చు మాటయు మాటలాడవలెను. బెంగుళూరు రోడ్డు ప్రక్కనున్న మన మందిరములు రాత్రి తాళము వేసియుండుట ఎందుకు? నాలుగు చాపలు, ఒక నీళ్లకుండ, స్త్రీలకు వేరుగా చాటు, మరుగుదొడ్డి దారిలో ఒక దీపము కావలెను. మేలుకొని యుండుటకు వంతులవారీగా ఇద్దరు చాలుదురు. దూరపు గ్రామ సంఘములవారు పిడికెడు బియ్యము పంపవచ్చును. వచ్చినవారి పేరు, ఊరు వ్రాసికొనుడి. ఏ మతమని అడుగవద్దు.