కనిపించినంతే గీయండి



2025 జనవరి 16, ముక్కనుమ నాడు అంగారకుడు సూర్యునికి సరిగ్గా ఎదురు దిక్కున నిలిచాడు. ఇరవై ఆరు నెలలకొకసారి ఇలా మనకు దగ్గరగా వస్తాడు. దగ్గరంటే, ఈసారి సుమారు 9 కోట్ల 60 లక్షల కిలోమీటర్లు!

ఆ రాత్రి మా గుడి పెరట్లో లెక్కల మాస్టారొకరు తన చిన్న టెలిస్కోపు నిలబెట్టారు. కన్ను పెట్టి చూశాను. బఠాణీ గింజంత ఎర్రని బిళ్ళ, అదీ వణుకుతూ. మధ్యాహ్నపు ఎండలో మన పలనాటి నాపరాళ్ళ మీద గాలి ఎలా కదలాడుతుందో మీరెరుగుదురు, అలాగే.

"ఏమీ లేదు మాస్టారూ" అన్నాను.

"కన్ను తీయకండి ఫాదర్ గారూ. కనిపించినంతే కాగితం మీద గీయండి, అనుకున్నది గీయకండి" అన్నారు.

చాలాసేపటికి గాలి ఒక్క క్షణం నిలకడగా నిలిచింది. అంచున తెల్లని మంచు, నడుమ నల్లని మచ్చ. అంతలోనే చెదిరిపోయాయి.

ఇక్కడే గొప్పవారు పొరబడ్డారు. 1877లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి అంగారకునిపై సన్నని గీతలు చూసి 'కనాలి' అన్నారు. ఆ మాటకు సహజమైన పాయలనీ అర్థమున్నది. లోకం తవ్విన కాలువలనుకున్నది. అమెరికాలో పెర్సివల్ లోవెల్ 1894 నుండి ఏళ్ళ తరబడి చూసి, నీటికరువుతో అక్కడివారు తవ్వుకున్నవేనని పుస్తకాలు వ్రాశారు. సాగర్ కాలువ మీద బ్రతికే మనకు నమ్మబుద్ధి అయ్యే కథే! 1965 జూలైలో మారినర్-4 నౌక దగ్గరగా ఫోటోలు తీసింది. గుంటలున్నాయి, కాలువలు లేవు. లోవెల్ అబద్ధమాడలేదు. విడివిడి మచ్చలను మనసు గీతలుగా కలిపింది.

నేనూ ఒక కాలువ గీశాను. ఒక సోదరుడు ఆరు నెలలు ఆదివారపు పూజకు రాలేదు. వేరే సభలో చేరాడని ఎవరో అన్నారు, నమ్మాను. ఎదురైతే ముఖం తిప్పుకున్నాను. ఒక రాత్రి అతని తల్లికి అవస్థాభ్యంగనము ఇవ్వ రమ్మని కబురు వచ్చింది. మంచాన పడ్డ ఆమెను ఒంటరిగా వదలలేక అతడు గుడికి రాలేదు. ఆ ఆరు నెలలూ ఆమెకు దివ్యసత్ప్రసాదం తీసుకొని వెళ్ళవలసినవాడను నేను. వెళ్ళేసరికి ఆమెకు మాట పడిపోయింది.

మన ఊళ్ళలో ఎన్ని కక్షలు ఇలా చుక్కలు కలిపిన గీతలతో మొదలయ్యాయో ఆలోచించండి. ఇప్పుడు మనం చూసేది మసకగానేనని పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ పదమూడవ అధ్యాయంలో హెచ్చరిస్తున్నారు.

అంగారకుని దగ్గరకు మనం వెళ్ళలేము. పొరుగింటికి నాలుగడుగులే. ఈ వారం మీరు మనసులో ఒక గీత గీసి పెట్టుకున్న ఆ ఇంటికి వెళ్ళి, తలుపు తట్టండి.