విద్యా సహాయం: ఎవరికి ఇవ్వాలి? ఎలా నిర్ణయించాలి?

పదో తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి కాలేజీల్లో ప్రవేశాలు మొదలయ్యే రోజుల్లో మన ఊళ్ళలోని మస్జిదు కమిటీలకు, బైతుల్‌మాల్‌లకు, విద్యా సహాయ సంఘాలకు దరఖాస్తులు వచ్చి పడుతుంటాయి. కర్నూలైనా, గుంటూరైనా, నిజామాబాదైనా పరిస్థితి ఇంచుమించు ఒక్కటే. ఇషా నమాజు తర్వాత అయిదారుగురు సోదరులు ఒకచోట కూర్చుంటారు. ఒకరు ఉపాధ్యాయుడు, ఒకరు వ్యాపారి, మరొకరు రిటైరైన ఉద్యోగి. ముందు అరవై దరఖాస్తులుంటాయి. చేతిలో ఉన్న సొమ్ము పది మందికి కూడా సరిగా చాలదు. పొద్దుపోయేలోగా జాబితా తయారుకావాలి.

ఆ గంటన్నరలో అక్కడ జరిగేది దానమా, తీర్పా? మేము చర్చించదలచిన ప్రశ్న ఇదే. చాలామంది దాన్ని దానమనే అనుకుంటారు. దానమైతే ఇచ్చేవాడి ఇష్టం, ఎవరికిచ్చినా పుణ్యమే. కాని ఆ సొమ్ము కమిటీ సభ్యులది కాదు. దాత దాన్ని అల్లాహ్ ప్రసన్నత కోసం తన చేతి నుండి వదిలేశాడు. ఇక అది అర్హుల హక్కు. మధ్యలో ఉన్నవారి దగ్గర అది అమానతు మాత్రమే. దివ్యఖుర్‌ఆన్‌లో అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమన్న ఆదేశమూ, ప్రజల మధ్య తీర్పు చెప్పేటప్పుడు న్యాయంగా చెప్పమన్న ఆదేశమూ ఒకే ఆయతులో పక్కపక్కనే వచ్చాయి (అన్నిసా: 58). దరఖాస్తుల ముందు కూర్చున్న సోదరునికి ఈ రెండు ఆదేశాలూ ఒకేసారి వర్తిస్తాయి. అతని చేతిలో అమానతూ ఉంది, తీర్పూ ఉంది.

"మేమేమైనా జీతం తీసుకుంటున్నామా? తీరిక చేసుకుని సేవ చేస్తున్నాం. దానికి కూడా లెక్కలు అడిగితే ఎలా?" అనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. సేవకు పుణ్యం తప్పక ఉంది. అయితే జీతం లేనంత మాత్రాన బాధ్యత తగ్గుతుందా? అనాథల ఆస్తిని చూసే సంరక్షకుల గురించి ఖుర్‌ఆన్ ఏమంటున్నదో గమనించండి. స్థితిపరుడైన సంరక్షకుడు ప్రతిఫలం తీసుకోకుండా ఉండాలి. అదే ఆయతు చివర, ఆస్తిని అనాథలకు అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలని కూడా ఉంది (అన్నిసా: 6). అంటే ఉచితంగా పనిచేసినవాడికి సైతం సాక్షుల ముందు లెక్క అప్పజెప్పడం తప్పదన్నమాట. ఇక జకాత్ వ్యవహారాలు చూసే సిబ్బందికి ఆ సొమ్ములోనే వాటా ఉందని అత్తౌబా సూరా 60వ ఆయతు చెబుతున్నది. ఆ వాటా వదులుకున్నవాడు తన హక్కును వదులుకున్నాడు. పేదల హక్కును వదులుకునే అధికారం మాత్రం అతనికి లేదు.

ఆ గదిలో సభ్యులుంటారు, కాగితాలుంటాయి. విద్యార్థి ఉండడు. తన సంగతి చెప్పుకోవడానికి అతనికి దొరికింది ఆ ఒక్క కాగితమే. అతని గురించి తేలిగ్గా ఒక మాట అనేస్తే, "అది అలా కాదండీ" అనడానికి అక్కడ ఎవరూ లేరు. కోర్టులోనైతే వకీలు ఉంటాడు. ఇక్కడ ఆ పిల్లవాడి తరఫు వకీలు, అతని కేసు వినే న్యాయమూర్తి కూడా ఆ సభ్యుడే.

ముందుగా బంధుత్వం సంగతి. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ముస్లిములకు భృతులు నిర్ణయించారు. మక్కా నుండి వలస వచ్చిన తొలి ముహాజిర్లకు 4,000 చొప్పున ఖరారు చేసి, తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)కు మాత్రం 3,500 నిర్ణయించారు. ఆయన కూడా ముహాజిరే కదా, ఎందుకు తగ్గించారని కొందరు అడిగారు. అతణ్ణి తల్లిదండ్రులు తమ వెంట తీసుకువచ్చారు, స్వయంగా వలస వచ్చినవారితో అతను సమానం కాడని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు (బుఖారీ).

ఈ సంఘటనను మనం సాధారణంగా స్వజన పక్షపాతం లేని పాలనకు ఉదాహరణగా చెప్పుకుంటాం. అది నిజమే. మన తమ్ముడి కొడుకు దరఖాస్తు వచ్చినప్పుడు ఆ కాగితాన్ని పక్కవారికిచ్చి, దాని మీద నిర్ణయమయ్యే వరకు బయటికి వెళ్ళి కూర్చోవడం ఈ సంఘటన నేర్పే కనీస పాఠం. లోపలే ఉండి "నేనేమీ మాట్లాడను" అంటే చాలదు. మనం ఎదురుగా కూర్చుని ఉంటే మిగతావారు మొహమాటపడతారు.

కాని ఉమర్ (రజి) చెప్పిన కారణంలో ఇంకో విషయం కూడా ఉంది. అది మన కమిటీలకు మరీ అవసరం. ఇద్దరూ మక్కా నుండి మదీనాకే చేరారు. చేరిన చోటు ఒక్కటే. ఒకరు తన కాళ్ళ మీద నడిచి వచ్చారు, ఇంకొకరిని పెద్దలు తీసుకువచ్చారు. ఉమర్ (రజి) చేరిన చోటు ఒక్కటే చూడలేదు, ఎలా చేరారన్నది కూడా చూశారు. ఇప్పుడు మార్కుల సంగతి ఆలోచించండి. ఒక అబ్బాయికి ఇంటర్లో 94 శాతం వచ్చాయి. ప్రైవేటు కాలేజీ, హాస్టలు, ట్యూషను, చదివించే తల్లిదండ్రులు ఉన్నారు. ఒక అమ్మాయికి 71 శాతం వచ్చాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివింది. సాయంత్రం తల్లితోపాటు కుట్టు మిషను ముందు కూర్చునేది, తమ్ముళ్ళను చూసుకునేది. మార్కుల వరుసలో పేర్లు రాసుకుంటూ పోతే అబ్బాయి పైన ఉంటాడు, అమ్మాయి జాబితాలోకే రాకపోవచ్చు. ప్రతిభ ప్రకారం ఇచ్చామని కమిటీ సంతృప్తి పడుతుంది. ఆ 94లో తండ్రి ఖర్చుపెట్టిన డబ్బు ఎంత, పిల్లవాడి కష్టం ఎంత అని ఎవరైనా అడిగారా?

అలాగని తల్లిదండ్రులు శ్రద్ధగా చదివించడం పిల్లవాడి నేరం కాదు. ఉమర్ (రజి) తన కుమారునికి అసలే ఇవ్వకుండా ఉండలేదు, 3,500 ఇచ్చారు. మేమనేది మార్కులను పక్కన పడేయమని కాదు. మార్కులతోపాటు అవి వచ్చిన దారిని కూడా చదవమంటున్నాం.

ఈ చదవడంలోనే మరో చిక్కుంది. నెట్ సెంటర్లో టైపు చేయించి, చక్కటి ఇంగ్లీషులో, ఫోటోలు, జిరాక్సులు వరుసగా జతచేసిన దరఖాస్తు చేతికి రాగానే మనసుకు నచ్చుతుంది. దాని కింద నోటుబుక్కు నుండి చించిన కాగితం మీద తెలుగులో నాలుగు వరుసలు, అందులో రెండు తప్పులు. "నాన్న ఆటో నడుపుతారు. ఫీజు కట్టలేకపోతున్నాము. దయచేసి సహాయం చేయగలరు." ఇంతే. మొదటి కాగితం కన్నీళ్ళు తెప్పించవచ్చు, రెండోది ఏమీ తెప్పించదు. కష్టాన్ని చెప్పుకోవడం కూడా ఒక విద్యే. అది చదువుకున్న ఇంట్లో పుట్టినవారికే ఎక్కువగా అబ్బుతుంది. మన సాయం మరింత అవసరమైనవాడే దాన్ని అడగడంలో వెనకబడి ఉంటాడు.

దివ్యఖుర్‌ఆన్ ఇలాంటివారిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. వారి ఆత్మాభిమానం చూసి, తెలియనివాడు వారిని కలిగినవారనుకుంటాడు. వారు జనాన్ని పట్టుకుని వదలకుండా అడిగేవారు కారు. ముఖాలు చూసి వారిని గుర్తుపట్టాలి (అల్‌బఖరా: 273). ఒకటి రెండు ముద్దల కోసం, ఒకటి రెండు ఖర్జూరాల కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు అసలైన నిరుపేద కాడని, తనకు సరిపడా లేకపోయినా తన లేమి ఎవరికీ తెలియనివ్వనివాడు, ఎవరినీ అడగనివాడే నిరుపేద అని దైవప్రవక్త (స) వివరించారు (బుఖారీ, ముస్లిం). వెతకాల్సిన బాధ్యత ఇచ్చేవారి మీద ఉందని ఈ రెండింటినిబట్టి తెలుస్తుంది. కాబట్టి నాలుగు వరుసల కాగితాన్ని పక్కన పెట్టేముందు ఒక ఫోను చేయాలి. పిల్లవాడు చదివిన బడిలోని ఉపాధ్యాయుణ్ణి ఒక మాట అడగాలి.

ఇంటికి వెళ్ళి విచారించడం మంచిదే, అయితే జాగ్రత్తగా చేయాలి. ఇంట్లో ఫ్రిజ్ కనిపించగానే "వీళ్ళకేం లోటు?" అనే సోదరులున్నారు. ఆ ఫ్రిజ్ సెకండ్‌హ్యాండ్‌ది కావచ్చు, వాయిదాల మీద తెచ్చింది కావచ్చు. తాతల నాటి మిద్దె ఇల్లుంటుంది, లోపల పొయ్యి మీదికి ఏమీ ఉండదు. ఆదాయ ధ్రువపత్రం సంగతీ అంతే. నెల జీతం వచ్చేవాడి ఆదాయం కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. కూలీకి, పండ్ల బండివాడికి అది ఎవరో వేసిన అంచనా. దొంగ కాగితాలు లేవని మేము అనడం లేదు. 2023లో కేంద్ర మైనారిటీ స్కాలర్‌షిప్పుల విచారణలో తనిఖీ చేసిన 1,572 సంస్థల్లో 830 బోగస్‌విగానో, పనిచేయనివిగానో తేలాయి. అక్కడ మోసం సంస్థల స్థాయిలో జరిగింది. దాన్ని తలచుకుని మన వీధిలోని విధవరాలిని దొంగలా ప్రశ్నించడం ఏం న్యాయం?

సిఫారసుల విషయం అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. మంచి సిఫారసు చేసినవాడికి అందులో వాటా ఉంది, చెడు సిఫారసు చేసినవాడికి దాని భారంలో వాటా ఉంది (అన్నిసా: 85). ఒక విద్యార్థి పరిస్థితిని కమిటీకి తెలియజేస్తే అది మంచి సిఫారసు. "నా మాట పోనివ్వకండి" అంటే అది వేరు. మఖ్జూమ్ తెగకు చెందిన గొప్పింటి స్త్రీ దొంగతనం చేసినప్పుడు, ఆమె తరఫున తనకెంతో ప్రియమైన ఉసామా (రజి) మాట్లాడటానికి వచ్చినా దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. పెద్దింటివారిని వదిలి బలహీనులను పట్టుకోవడమే పూర్వజాతుల వినాశనానికి కారణమని హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). మస్జిదుకు పెద్ద చందా ఇచ్చే సోదరుని ఫోను వచ్చినప్పుడు ఈ హదీసు గుర్తుకు రావాలి. మరో మస్జిదువారని, మరో మస్లక్‌వారని దరఖాస్తును అడుగుకు తోసే పని ఇంకా హీనమైనది. శత్రువుల విషయంలో కూడా న్యాయం తప్పవద్దన్న ఆదేశం (అల్‌మాయిదా: 8) ఉండగా, తోటి ముస్లిం పిల్లల విషయంలో వేరే చెప్పాలా?

ఫిఖహ్‌కు సంబంధించిన ఒక అంశంలో చాలా కమిటీలు పొరబడుతున్నాయి. జకాత్ సొమ్మును, సాధారణ విరాళాలను కలిపేసి, కలిసిన మొత్తం నుండి ర్యాంకులకు బహుమతులిస్తున్నారు. జకాత్‌కు మొదటి షరతు పేదరికం. ప్రతిభ అర్హుల మధ్య వరుస నిర్ణయించడానికే తప్ప అనర్హుణ్ణి అర్హునిగా చేయదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం సయ్యద్ కుటుంబాలకు జకాత్ చెల్లదు. పేద సయ్యద్ విద్యార్థినికి ఇవ్వాలంటే వేరే సొమ్ము ఉండాలి. ఇద్దరికీ రెండు ఖాతాలు పెట్టడమే దీనికి మార్గం. అదే ఫిఖహ్‌లో, యుక్తవయస్కుడైన విద్యార్థి స్వయంగా నిసాబుకు యజమాని కాకపోతే తండ్రి ధనికుడైనా అతనికి జకాత్ చెల్లుతుంది. చెల్లుతుంది కదా అని నిరుపేద కంటే అతణ్ణి ముందు పెట్టవచ్చా? చెల్లుబాటు వేరు, ప్రాధాన్యం వేరు. ఇలాంటివి ఎదురైనప్పుడు జాబితా రాయకముందే ఆలిముణ్ణి అడగడం మంచిది.

ఇక "అందరికీ తలా కొంత" పద్ధతి. మూడు లక్షలున్నాయి, అరవై మంది ఉన్నారు, తలా అయిదు వేలు ఇచ్చేస్తే ఎవరూ నిష్ఠూరమాడరు. కాని ఫీజు ముప్పై వేలైతే ఆ అయిదు వేలతో ఒక్కరి సీటు కూడా నిలవదు. ఇది సమానత్వంలా కనిపిస్తుంది. నిజానికి తీర్పు చెప్పే బాధ్యత నుండి తప్పించుకోవడం. ఈ ఏడాది సహాయం అందకపోతే ఎవరి చదువు ఆగిపోతుంది? మా దృష్టిలో ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది. ఫీజు రీయింబర్స్‌మెంటు సొమ్ము ఆలస్యమై కాలేజీలో సర్టిఫికెట్లు ఆగిపోయిన పిల్లలుంటారు. 2022లో కేంద్రం ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పును తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశాక కింది తరగతుల పిల్లలకు ఆ ఆసరా పోయింది. ఇవన్నీ ముందే లెక్కలోకి తీసుకుని, దేనికి ఎంత ప్రాధాన్యమో దరఖాస్తులు తెరవకముందే కాగితం మీద రాసుకోవాలి. తెరిచాక రాసుకునే నియమాలు తెలియకుండానే మనకు కావలసిన పేరు చుట్టూ తిరుగుతాయి. పేర్లు, తండ్రి పేర్లు కప్పి, ఇద్దరేసి సభ్యులు విడివిడిగా చదివి, తర్వాత పోల్చుకుంటే ఇంకా మంచిది.

ఇంత చేసినా పొరపాటు జరగదా? జరగవచ్చు. శక్తికొద్దీ ఆలోచించి తీర్పు చెప్పిన న్యాయమూర్తి సరైన నిర్ణయానికి వస్తే రెండు పుణ్యాలు, పొరబడితే ఒక పుణ్యం అని హదీసు (బుఖారీ, ముస్లిం). ఆ ఒక్క పుణ్యం కష్టపడి ఆలోచించినవాడిదే. పదిన్నరకల్లా ఇంటికి పోవాలని కాగితాలు తిప్పేసినవాడికి ఆ హదీసులో చోటు ఉంటుందా అన్నది అనుమానమే.

చివరికి యాభై మందికి లేదని చెప్పాలి. చాలా కమిటీలు ఏమీ చెప్పవు. పిల్లలు జాబితా కోసం మస్జిదు గోడ దగ్గరికి వచ్చి, పేరు లేదని చూసి వెళ్ళిపోతారు. ఇవ్వలేని స్థితిలో ముఖం తిప్పుకోవలసి వచ్చినా వారితో మృదువుగా మాట్లాడమని ఖుర్‌ఆన్ ఆదేశం (బనీ ఇస్రాయీల్: 28). అసలు గోడ మీద జాబితా అంటించడమే ఎందుకు? ఇచ్చినవారికి విడిగా, ఫోటోలు లేకుండా ఇవ్వవచ్చు. ఇవ్వలేనివారికి ఒక్కొక్కరికి ఫోను చేసి, ఈసారి ఎందుకు కుదరలేదో, ఏ కాగితం తక్కువైందో, మళ్ళీ ఎప్పుడు అడగాలో చెప్పవచ్చు. యాభై ఫోన్లంటే సభ్యులకు తలా పది. ఒక సాయంత్రం పని.