కత్తి దించిన దండనాయకుడు

గండికోట లోయ చూడటానికి జమ్మలమడుగు దాకా వచ్చేవాళ్లు చాలామందే. ఆ ఊరికి దగ్గర్లోనే పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడు దాకా వెళ్లేవాళ్లు మాత్రం తక్కువ. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే అక్కడ తవ్వించినప్పుడు మట్టి కింద ఒక జైన క్షేత్రం బయటపడింది. ఇటుకలతో కట్టిన గర్భగుడి, మనిషి ఎత్తును మించిన తీర్థంకరుడి విగ్రహం, శాసనాలు చెక్కిన రాళ్లు దొరికాయి. శాంతినాథుడి అభిషేకం కోసం రాష్ట్రకూట చక్రవర్తి నిత్యవర్షుడు చేయించిన పీఠం కూడా వాటిలో ఉంది. ఈ నిత్యవర్షుడు 10వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పాలించిన మూడవ ఇంద్రుడని పండితులు గుర్తించారు. ఉత్తరాన కనౌజ్ దాకా సేనలు నడిపిన రాజు ఆయన.

ఆ రాళ్లలో ఒకటైన స్తంభం శ్రీవిజయుడిది. ఆయన ఆ ఇంద్రరాజు దండనాయకుడు, అనుపమకవి అన్న బిరుదున్న కవి. కన్నడంలో కవిరాజమార్గంతో పేరు ముడిపడిన శ్రీవిజయుడు అంతకు ముందు తరాలవాడు, వేరే మనిషి. దానవులపాటి శ్రీవిజయుడి కావ్యమేదీ మన చేతికి రాలేదు. మిగిలింది ఆ స్తంభమే. ఆయన పరాక్రమాన్నీ పాండిత్యాన్నీ పొగిడి, సంపదలన్నీ వదిలి సన్యసించి దేహం చాలించాడని అది చెబుతుంది.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. చీమకు కూడా హాని చేయకూడదనే మతంలో సేనాపతికి చోటెక్కడిది?

జైన ఆచార్యులు ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. ముని పాటించే మహావ్రతాలు వేరు, గృహస్థు పాటించే అణువ్రతాలు వేరు అన్నారు. గృహస్థుడు హింసను పూర్తిగా మానలేడు. పొలం దున్నితే పురుగు చస్తుంది, దండెత్తి వచ్చినవాణ్ణి ఎదిరిస్తే మనిషి చస్తాడు. అందుకే కావాలని, పగబట్టి చేసే సంకల్ప హింసను గృహస్థు తప్పక వదలాలని, ఆత్మరక్షణలో జరిగే విరోధి హింస వేరని విడదీశారు. ఈ సర్దుబాటులో ఒక ప్రమాదం ఉంది. ఏ రాజు తన యుద్ధాన్ని ఆత్మరక్షణ అనుకోడు? కానీ ఆ విభజన చంపడాన్ని పుణ్యం చేయలేదు, లెక్క మాఫీ చేయలేదు. కర్మ అంటుకుంటూనే ఉంటుంది, దాన్ని కడుక్కోవలసిందీ ఆ మనిషే. శ్రీవిజయుడి చివరి రోజులను ఈ వెలుగులో చూడాలి.

జైనంలో అలా దేహం చాలించే చివరి వ్రతం పేరు సల్లేఖన. ఆహారాన్ని, ఆపై నీటిని క్రమంగా మానుతూ, రాగద్వేషాలను సన్నగిల్లజేసుకుంటూ దేహాన్ని వదలడం. తప్పించుకోలేని ఆపద, కరువు, ముసలితనం, నయంకాని రోగం వచ్చినప్పుడే దీనికి అనుమతి అని జైన ఆచార్యుడు సమంతభద్రుడు నియమం పెట్టాడు. మరో ఆచార్యుడు పూజ్యపాదుడు చెప్పిన పోలిక ప్రొద్దుటూరు అంగళ్లలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. సరుకు నింపుకున్న ఇల్లు కాలిపోవాలని ఏ వర్తకుడూ కోరుకోడు. నిప్పంటుకుంటే ఆర్పడానికే చూస్తాడు. ఆరకపోతే ఇల్లు వదిలి విలువైన సరుకును కాపాడుకుంటాడు. జైన గ్రంథమైన తత్త్వార్థసూత్రం ఇంకా లోతుకు వెళ్లి ఈ వ్రతానికి ఐదు దోషాలు చెప్పింది: బతకాలన్న ఆశ, త్వరగా చావాలన్న ఆశ, స్నేహితుల మీద మమకారం, అనుభవించిన సుఖాల తలపోత, రాబోయే జన్మలో భోగాల కోరిక. చావును కోరుకోవడమే దోషమైన చోట దీన్ని ఆత్మహత్య అనడం తొందరపాటు.

అయినా వాదం తెగలేదు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు ఈ వ్రతాన్ని ఆత్మహత్యా ప్రయత్నంగానే చూడాలని తీర్పిచ్చింది. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. హైకోర్టు ముందుకు వెళ్లినవాళ్ల భయాన్నీ కొట్టిపారేయకూడదు. మంచాన పడిన ముసలివాళ్లు ఇంటివాళ్ల ఒత్తిడితోనో, కులంలో పేరు కోసమో ఒప్పుకుంటే అది వ్రతం కాదు, ఘోరం. తేడా అంతా మనసులోనే ఉంది. కోర్టులు దాన్ని కొలవలేవు, శాసనాలూ కొలవలేవు. దానవులపాటి స్తంభాన్ని నిలిపింది బతికున్నవాళ్లు. శ్రీవిజయుడి కడపటి ఘడియల్లో ఆయన మనసులో ఏముందో దాని మీద లేదు.

ఆయన దారి ఒంటరిది కాదు. రాష్ట్రకూట వంశపు చివరి రాకుమారుడు, మూడవ కృష్ణుడి మనుమడు నాలుగవ ఇంద్రుడు 982లో శ్రవణబెళగొళలో ఇలాగే కన్నుమూశాడు. అక్కడి శాసనం ఆయన బంతి ఆటలోని నేర్పును కూడా మెచ్చుకుంటుంది. ఆయన కోసం పోరాడిన మేనమామ, గంగరాజు మారసింహుడు, అంతకు కొన్నేళ్ల ముందే బంకాపురంలో సల్లేఖన తీసుకున్నాడు. ఈ ఇద్దరూ రాష్ట్రకూట సామ్రాజ్యం కూలిపోయాక ఆ దారి పట్టినవాళ్లు. శ్రీవిజయుడి ప్రభువు మాత్రం సామ్రాజ్యం మంచి ఊపులో ఉండగా ఏలినవాడు. అందుకే ఆ దండనాయకుడి త్యాగం ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పాత రేనాటి సీమ. చాలా ఏళ్లు ఈ ఊళ్ల పేర్లు పత్రికల్లో ఫ్యాక్షన్ గొడవలతో కలిసే అచ్చయ్యాయి. సినిమాలు ఆ ముద్రను ఇంకా గట్టిగా వేశాయి. పౌరుషమంటే కత్తి దించకపోవడమేనని ఈ నేల నేర్పిందనుకునేవాళ్లకు ఇదే నేల మీద నిలిచిన ఆ స్తంభం మరో సంగతి చెబుతుంది. యుద్ధమే వృత్తిగా బతికిన మనిషికి కూడా ఒక దశలో చాలు అనే హక్కుంది. ఆ మాట అన్నందుకు అతని వాళ్లు సిగ్గుపడలేదు, రాతి మీద చెక్కించుకున్నారు.

దానవులపాడులో దొరికిన విగ్రహాల్లో కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. గండికోటకు పిల్లలను తీసుకొచ్చే ఉపాధ్యాయులు ఆ రోజు ప్రయాణంలో దానవులపాటికి కూడా ఒక గంట కేటాయించాలి. అక్కడ నిలబెట్టి శ్రీవిజయుడి కథ చెప్పాలి.