తల ఆడించకు

మొవ్వ

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య దీవించి రాసేది.

కువైట్‌లో నీకు ఏసీ మెకానిక్కుగా పని దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పామర్రు దాకా వచ్చి నిన్ను చూద్దామంటే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మనకో అలవాటుంది. అవతలివాడి మాట అర్థమైనా కాకపోయినా తల అటూ ఇటూ ఆడించి "సరేనండీ" అనేస్తాం. దానికి నేను కువైట్‌లో ఉన్నప్పుడు మూడు నెలల జీతం మూల్యంగా కట్టాను. 1994లో గుమాస్తా ఓ అరబ్బీ కాగితం ముందు పెట్టి, ఇక్కడ అని వేలు చూపిస్తే సంతకం గీకేశాను. బాకీ అంతా ముట్టినట్టు రాసుందట! చదివి చెప్పగల మలయాళీ కుర్రాడు పక్కనే ఉన్నాడు. అడిగితే చులకనైపోతానని అడగలేదు.

అర్థం కాకపోతే నువ్వు మాత్రం "మాఫీ మాలూమ్" అను. తెలియదని దానర్థం. వచ్చీరాని అరబ్బీయే, నవ్వితే నవ్వనీ. మన పదకర్త క్షేత్రయ్య తంజావూరు, మధుర వెళ్లినా ఆ నాయక రాజుల కొలువుల్లో తెలుగుకే పెద్దపీట. నీకా సుఖం లేదు. బోర్డు మీద "ఖతర్" అని ఉంటే అపాయమని; మన ఖతర్నాక్ ఆ ఇంటి మాటే. ఆ అక్షరాల రూపమైనా గుర్తుపెట్టుకో.

పది తప్పావు గనక నీది ఈసీఆర్, అంటే వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు. ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో ఆ అనుమతి, 10 లక్షల ప్రవాసీ బీమా లేకుండా విమానమెక్కకు. ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద పన్ను దాటి అడిగితే వాడితో మాట్లాడే పనే లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. డాబా ఎక్కమంటే గుర్తుచెయ్యి. 2024 జూన్ 12న అక్కడి మంగఫ్‌లో కూలీలుండే భవనం తగలబడి మనదేశం వాళ్లే 40 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పొగకే. గదిలో దిగిన రాత్రే మెట్లెటున్నాయో, తలుపు లోపల్నుంచి తెరుచుకుంటుందో లేదో చూసి పడుకో.

"బాగున్నావా" అని అమ్మ అడిగినప్పుడు కూడా అలవాటుకొద్దీ ఊఁ కొట్టకు. జీతం ఆగితే ఆగిందని చెప్పు. ఆ మూడు నెలలూ నేను "బాగున్నాను, డబ్బు పంపుతున్నాను" అనే రాశాను. తీరా మీ అమ్మ పెళ్లికి బంగారమని చెప్పి బందరు రోల్డుగోల్డు గొలుసు వేశాం. ఎప్పుడు కనిపెట్టిందో గానీ, ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు.

ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు.

మీ మావయ్య