కుండయు, కులాలుని తండ్రియు

తర్కశాస్త్రమభ్యసించు బాలునకు గురువు తరచుగా చూపు దృష్టాంతము ఘటము. ఘటమునకు కపాలములు సమవాయికారణము; వాని సంయోగము అసమవాయికారణము; కులాలుడు, దండము, చక్రము నిమిత్తకారణములు. మట్టి మోసిన గాడిదయు, కులాలుని తండ్రియు మాత్రము కారణములు కారు. వారిని అన్యథాసిద్ధులని శాస్త్రము ప్రక్కన నుంచినది. ఒక్క ఘటముయొక్క పుట్టుకను విచారించునప్పుడు ఈ నిర్ణయము నిర్దుష్టమే. కాని ఘటములు చేయు విద్య ఒక గ్రామమున ఎట్లు నిలుచునని విచారించునప్పుడు ఆ తండ్రిని త్రోసివేయుట సాధ్యమా? అతడు నేర్పనిచో కొడుకు కులాలుడే కాడు గదా!

హైదరాబాదునకు ఉత్తరమున, బొల్లారము చెంతనున్న కౌకూరు వంటి గ్రామములందు ఈ ప్రశ్న కేవలము పుస్తకములోనిది కాదు. నగరము పెరిగి ఈ పల్లెల పొలిమేరలను దాటినది. ఆషాఢమున ఈ ప్రాంతపు స్త్రీలు కుండలో అన్నము వండి, పసుపు కుంకుమలతోను వేపరెమ్మలతోను అలంకరించి, పైన దీపముంచి, శిరమున దాల్చి అమ్మవారికి బోనము సమర్పింతురు. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్రపండుగగా ప్రకటింపబడినవి. తెలంగాణ వివాహములలో ఐరేని కుండలు కుమ్మరి యింటినుండి మేళతాళములతో వచ్చుట ఆచారము. దీపమునకు ప్రమిద, తలంబ్రాలకు మేదరి అల్లిన గంప, కట్టుటకు సాలెవాని వస్త్రము. పూర్వులు శుభకార్యమున ప్రతి వృత్తికిని ఒక స్థానము కల్పించిరి. పండుగ వచ్చిన ఊరి ధనము ఊరిలోనే తిరిగెడిది.

నేడు పెక్కు బోనములు ఇత్తడి, స్టీలు పాత్రలలో వెడలుచున్నవి. అమ్మవారు పాత్రను చూడదు, మనస్సును చూచునని కొందరందురు. అది సత్యమే. కాని ఆ పాత్రను చూచి తన బ్రతుకు లెక్కించుకొనువాడు కుమ్మరి. లోహపాత్ర ఏండ్లతరబడి నిలుచును. మట్టికుండ ఏటేట క్రొత్తది కావలయును. కొనువాడు నష్టమని తలచునదియే చేయువానికి ఏటి గ్రాసము.

అయినచో మన ఆచారము నిలుచుటకై కుమ్మరి కుమారుడు చదువు మాని సారెకడ కూర్చుండవలయునా? అది ధర్మము కాదు. పరుల దారిద్ర్యముపై నిలిపిన సంప్రదాయము దైవమునకు ప్రీతికరము కానేరదు. జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడిరేకులపై దేవతారూపములను తీర్చు విశ్వకర్మల విద్యను నిలిపినవానిలో దేవాలయములు కోరిన కవచములు, తొడుగులు ముఖ్యమైనవి. పోచంపల్లి చిటికి వస్త్రమునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో చేర్చినది. పొగడ్త మంచిదే. కాని పేరు వచ్చుట వేరు, కూలి గిట్టుట వేరు.

కావున వృత్తిని కాపాడదలచినవారు మొదట వృత్తివానిని కాపాడవలయును. ఆలయ నిర్వాహకులు ఆషాఢమునకు ముందే కుండలకు బయానా యిచ్చి, గిట్టుబాటు వెల నిర్ణయింపవచ్చును. చెరువు పూడిపోక, ఆక్రమణకు లోనుగాక నిలిచిననే మట్టి దొరకును. ఆ మట్టితోపాటు ఊరికి నీరును దక్కును. నేర్వగోరువారు ఏ యింటి బిడ్డలైనను, బాలికలైనను వారికి సారె అందుబాటులో నుండవలయును. నేర్వనొల్లని వానిని నిర్బంధింపరాదు.

గ్రామాభివృద్ధికి కొలమానములు పెక్కు గలవు. వానిలో ఒకటి యిది: తండ్రి తన కొడుకును చూచి, “ఇష్టమున్నచో ఈ పని నేర్చుకొనుము, దీనితో బ్రతుకవచ్చును” అని సంకోచము లేక చెప్పగలుగుట. ఆ మాట వినబడు ఊరిలో కులాలుని తండ్రి అన్యథాసిద్ధుడు కాడు.