దిద్దుబాటుకు ముందు వివేచన



సంఘములో ఒక సహోదరుడు త్రోవ తప్పినప్పుడు మనము మాట్లాడవలెనా, మౌనముగా ఉండవలెనా? ఈ ప్రశ్న పెద్దల కూటములలోను, స్త్రీల సమాజములోను, ఆరాధన ముగిసి ఇంటికి నడచు దారిలోను తరచుగా వినబడుచున్నది. "ఎవరి లెక్క వారు ప్రభువునకు చెప్పుకొందురు, మనకెందుకు?" అనువారు కొందరు. "కలుపు తీయనిదే పైరు ఎదగదు" అనువారు మరికొందరు. మొదటివారు మత్తయి సువార్త 7వ అధ్యాయమును, రెండవవారు 18వ అధ్యాయమును చూపుదురు.

అయితే 7వ అధ్యాయమును నిదానముగా చదువుడి. తీర్పు తీర్చవద్దని చెప్పిన ప్రభువు, తన కంటిలోని దూలమును తీసివేసికొనినవాడు సహోదరుని కంటి నలుసును తీయుటకు తేటగా చూడగలడని కూడ చెప్పెను. నలుసును తీయవద్దని ఆయన చెప్పలేదు. ఏది ముందు, ఏది తరువాత అన్నది చెప్పెను. కంటిలో నలుసు పడినవానిని అట్లే విడిచిపెట్టుట ప్రేమ కాదు. చూపు సరిగా లేనివాడు ఆ కంటిలో వ్రేలు పెట్టుటయు ప్రేమ కాదు. కాబట్టి దిద్దుబాటుకు ముందు వివేచన కావలెను. ఈ రెంటిని విడదీసినందుననే మన సంఘములలో చాల గాయములు కలుగుచున్నవి.

వివేచన అనగా అనుమానము కాదు. ఇందుకు మన తెలుగు బాప్తిస్టు చరిత్రలోనే ఒక మంచి దృష్టాంతము ఉన్నది. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును గొప్ప కరవు పీడించెను. ఒంగోలులోనున్న జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలితోనున్న వేలమందికి కూలి పని కల్పించిరి. బోధకులు ఆ కూలీల మధ్య సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఇచ్చియుండినయెడల సంఘపు పుస్తకములో పేర్లు విరివిగా పెరిగియుండును. కాని కరవు సహాయము నడచుచున్నంత కాలము, ఒక సంవత్సరమునకు పైగా, ఆయన బాప్తిస్మములను నిలిపివేసిరి. కూలికొరకు వచ్చినవాడెవడో, క్రీస్తుకొరకు వచ్చినవాడెవడో ఆ సమయమున తెలియదు గదా!

ఇక్కడ మనము గమనింపవలసినదేమనగా, ఆయన ఆ బీదలను వేషధారులని పిలువలేదు, వారి కూలి ఆపలేదు, బోధయు ఆపలేదు. అన్నమును బాప్తిస్మమును ఒకే చేతితో అందించినయెడల బీదవాని మనస్సాక్షికి ఉరి వేసినట్లగునని తలంచి, కాలము గడువనిచ్చిరి. సహాయము ముగిసిన తరువాత, ఇక ఇచ్చుటకు ధనము లేదని చెప్పినను, ధనము మాకు అక్కరలేదు, బాప్తిస్మము కావలెనని వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటియొద్ద వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము ఆ సంఖ్యను ప్రతి వార్షిక సభలోను చెప్పుకొందుము. దానికి ముందున్న నిరీక్షణను అంతగా చెప్పుకొనము. ఆ నిరీక్షణే వివేచన.

వివేచన కలిగినవాడు తప్పును ఒక్కటే కొలతతో కొలువడు. లేఖనములో మూడు దిద్దుబాట్లను చూడుడి. ఎఫెసులో అపొల్లో వాక్చాతుర్యముతో బోధించుచుండెను గాని, అతనికి యోహాను బాప్తిస్మము మట్టుకే తెలియును. అకుల ప్రిస్కిల్లలు సమాజమందిరములో లేచి అతని నోరు మూయింపలేదు. అతనిని తమయొద్ద చేర్చుకొని విశదముగా నేర్పిరి (అపొ. కార్య. 18). అది తెలియని తప్పు. దావీదు సంగతి అట్టిది కాదు. అతడు తెలిసి చేసి దాచెను. నాతాను ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, రాజు తన నోటనే తన తీర్పు పలుకునట్లు చేసి, అప్పుడు ముఖాముఖిగా చెప్పెను (2 సమూయేలు 12). అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము చేయుట మాని వెనుకకు తీసినప్పుడు పౌలు అందరి యెదుటనే ఎదిరించెను (గలతీ 2). ఏలయనగా ఆ తప్పు బల్లయొద్ద అందరి యెదుటనే జరిగెను, దానివలన బలహీనులు తక్కువవారిగా ఎంచబడిరి. తెలియనివానికి బోధ, దాచినవానికి ముఖాముఖి మాట, పదిమంది యెదుట బలహీనులను నొప్పించిన పెద్దకు పదిమంది యెదుట గద్దింపు.

ఇప్పుడు మన సంఘములను చూచుకొందము. మనము కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాములో తరతరములుగా స్థిరపడినవారము. ఒక సంఘములో సగము కుటుంబములు వియ్యమందుకొన్నవే. ఇది దేవుడిచ్చిన ఆదరణ. అయితే దిద్దుబాటు విషయములో ఇదే మనకు ఉరియగుచున్నది. ఒక సంఘమును ఊహించుకొనుడి. కోశాధికారి రెండేండ్లుగా లెక్కలు ఒప్పగింపలేదు. ఆయన ఒకరికి బావగారు, మరొకరికి మేనమామ, కనుక ఎవరును నోరు తెరువరు. పండుగనాడు ఆయనకే పూలదండ. అదే సంఘములో తండ్రిలేని ఒక పిల్ల సంఘము వెలుపలి వానిని పెండ్లాడినది. మరుసటి ఆదివారమే ఆమె పేరు పుస్తకములోనుండి కొట్టివేయబడినది. ఈ రెండు కార్యములును శిక్షణ పేరిట జరిగినవే. ఇది సత్యమందలి ఆసక్తియా, లేక బలవంతుని యెదుట భయము, బలహీనుని మీద ధైర్యమా? పెద్దలమీది దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండవలెనని చెప్పిన పౌలు, వెంటనే పక్షపాతము లేకుండ చేయవలెనని కూడ తిమోతికి వ్రాసెను (1 తిమోతి 5). మొదటి మాటను మనము జ్ఞాపకముంచుకొని, రెండవదానిని మరచిపోవుచున్నాము.

మన పిల్లల విషయములోను ఇట్టి పొరపాటు కలదు. బడిలో కన్నడమో తమిళమో ఒడియయో చదివిన యౌవనస్థుడు తెలుగు బైబిలును తడబడక చదువలేక వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండును. అతడు లోకస్థుడైపోయెనని మనము తీర్మానింతుము. అక్షరము రాకపోవుట వేరు, భక్తి లేకపోవుట వేరు. అతనికి కావలసినది గద్దింపు కాదు, ప్రక్కన కూర్చుండి చదివించు ఒక అన్న.

ఇంకొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మత్తయి 18 ప్రకారము ముందు ఒంటరిగా మాట్లాడవలెను గదా అని చెప్పి, పిల్లలమీదను స్త్రీలమీదను జరిగిన దౌర్జన్యమును నాలుగు గోడల మధ్య అణచివేయుట ప్రభువు మాటను తప్పుగా వాడుకొనుటయే. ఆ అధ్యాయము మొదటనే చిన్నవారిని అభ్యంతరపరచువానినిగూర్చి ఆయన ఎంత కఠినముగా పలికెనో చూడుడి. బాధపడిన బిడ్డను, బాధించినవానిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి సమాధానపరచుట దిద్దుబాటు కాదు. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము పిల్లలమీది లైంగిక నేరమును ఎరిగినవాడు దానిని పోలీసులకు తెలియజేయవలెను. సంఘపు గౌరవము కంటె బిడ్డ క్షేమము ముందు.

చివరిగా, దిద్దుబాటు పేరు కొట్టివేయుటతో ముగియదు. కొరింథులో ఒకనిని వెలివేయుమని వ్రాసిన పౌలు (1 కొరింథీ 5), రెండవ పత్రికలో శిక్ష పొందినవాడు అధిక దుఃఖములో మునిగిపోకుండ అతనిని క్షమించి ఆదరింపుమని బతిమాలెను (2 కొరింథీ 2). ఈ రెండవ పత్రిక మనకు అందలేదేమో అన్నట్లు మనము నడచుకొనుచున్నాము. పరాయి ప్రాంతములో సంఘమనగా ఆరాధన మాత్రమే కాదు. అది బంధువర్గము, మాతృభాష, పెండ్లి సంబంధము, కడకు సమాధుల తోటలో ఆరడుగుల స్థలము. స్వగ్రామములో వెలివేయబడినవానికి ప్రక్క వీధిలో నలుగురు ఉందురు. ఇక్కడ మన వాకిలి మూయబడినయెడల అతనితో తెలుగులో ప్రార్థించువాడే లేకపోవచ్చును. కావున మన చేతిలోని ఈ అధికారము ఎంత బరువైనదో తెలిసికొని దానిని వాడవలెను. మరణించినవానికి సమాధి స్థలము నిరాకరించుటవలన అతడు దిద్దబడడు. ఏడ్చుచున్న భార్యాబిడ్డలే శిక్షింపబడుదురు.

కావున పెద్దలారా, ఒకని తప్పును కూటములో ఎత్తుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొందము. ఈ సంగతి నేను కన్నదా, విన్నదా? ఇదే తప్పు నా తమ్ముడు చేసినయెడల ఇట్లే మాట్లాడుదునా? అతనితో ఒంటరిగా మాట్లాడితినా, లేక అతనిగూర్చి పదిమందితో మాట్లాడితినా? అతడు తిరిగి వచ్చినప్పుడు కూర్చుండుటకు నా ప్రక్కన చోటు ఉంచితినా? నాలుగవ ప్రశ్నకు జవాబు లేనంతవరకు ఎవరి పేరును కొట్టివేయవద్దు. కొట్టివేయక తప్పనియెడల, ఆ తీర్మానము వ్రాసిన పుటలోనే నెలకొకమారు అతని యింటికి వెళ్లువారి పేరును వ్రాయుడి.

దిద్దబడువారమైన మనకును ఒక మాట. మన తప్పును మనకు చెప్పుటకు ఒకడు సాయంకాలము పని మానుకొని మన యింటికి వచ్చినయెడల అతడు శత్రువు కాడు. ఊరకుండుట అతనికి సులభమే. అతనికి కుర్చీ వేసి, మాట పూర్తిగా వినుడి.

ప్రభువు మన కన్నులను తేటపరచి, మన నాలుకలను కాచి, తప్పిపోయినవారిని మన మధ్యకు మరల నడిపించును గాక. ఆమేన్.